సర్వర్ పోయినా, వంక పొంగినా పని ఆగకూడదంటే: రెండు పేజీల ప్లాన్ ఎట్లా రాసుకోవాలి

సర్వర్ కాలిపోతే ఎట్లన్నా, ఆఫీసులోకి నీళ్ళొస్తే ఎట్లన్నా, వైరస్ వచ్చి ఫైళ్ళన్నీ లాక్ అయితే ఎట్లన్నా అని మూడు వేరే వేరే ప్రశ్నలుగా అడుగుతా ఉంటారు నన్ను. మూడింటికీ చెయ్యాల్సిన పని దాదాపు ఒకటే, అందుకే ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తా ఉన్నా. నేను ఉండేది కర్నూలు, అనంతపురం కడప కూడా తిరుగుతా ఉంటా, ఆయిల్ మిల్లులు, ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు, బేతంచెర్ల వైపు పాలిష్ బండల ఫ్యాక్టరీలు, క్లినిక్కులు, స్కూళ్ళు, వీటి కంప్యూటర్లు నెట్‌వర్కులు చూసే పని. కాబట్టి ఇది ఐదు మంది నుంచి యాభై మంది దాకా పనిచేసే చోటుకి సరిపోయే పద్ధతి. బ్యాంకులు, పెద్ద కంపెనీలకి ఐఎస్‌ఓ 22301 అని స్టాండర్డ్ ఉంది, 2012లో వచ్చింది, 2019లో మార్చారు, మీకు అంత అక్కర్లేదు.

థియరీ రెండు ముక్కలే. కంప్యూటర్ లేకపోయినా కస్టమర్‌ని వెనక్కి పంపకుండా పని నడిపించడం బిజినెస్ కంటిన్యుటీ. పోయిన కంప్యూటర్‌నీ డేటానీ మళ్ళీ నిలబెట్టడం డిజాస్టర్ రికవరీ. మనోళ్ళు రెండోదాని మీదే పడతారు, హార్డ్ డిస్కులు కొంటారు, మొదటిది మర్చిపోతారు.

ఏమేం కావాలి

- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు (ఒకటి సరిపోదు, ఎందుకో కింద చెప్తా)
- ఒక క్లౌడ్ అకౌంట్, ఓనర్ పేరు మీద, అకౌంటెంట్ సొంత జీమెయిల్ మీద కాదు
- సర్వర్‌కి యూపీఎస్
- పాత ల్యాప్‌టాప్ ఒకటి, పనిచేసేది
- అచ్చు వేయించిన బిల్లు పుస్తకాలు రెండు, కార్బన్ పేపర్
- తెల్ల కాగితాలు, పెన్ను, లామినేషన్
- ఒక ఆదివారం పూట. ఓనర్ కచ్చితంగా కూర్చోవాలి, "మా మేనేజర్‌తో మాట్లాడుకో" అంటే ఈ పని జరగదు

1. ఏం జరగొచ్చో రాసుకోండి, మీ ఊరి లెక్కన

ఇంటర్నెట్లో దొరికే లిస్టుల్లో భూకంపం, సునామీ మొదట ఉంటాయి. మనకి సునామీ ఎక్కడిది స్వామీ. మనకొచ్చేవి వేరే.

నీళ్ళు. కర్నూలు వాళ్ళకి 2009 అక్టోబర్ 2 గురించి కొత్తగా చెప్పేదేం లేదు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినాయి, పాతబస్తీలో గ్రౌండ్ ఫ్లోర్ షాపులు మునిగిపోయినాయి. కడపలో 2020 నవంబర్‌లో నివర్ తుపానుకి బుగ్గవంక పొంగింది. ఆ మరుసటి ఏడే 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయినాయి. అనంతపురం అంటే కరువు సీమ, అక్కడ వరదేంది అనుకుంటాం గదా, 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి కాలనీలకి కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి గేటే కొట్టుకుపోయింది, మన జిల్లాలో కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం వాళ్ళని జాగ్రత్తగా ఉండమన్నారు. అంటే ఇక్కడ చుక్క వాన లేకున్నా పైనుంచి నీళ్ళు రావొచ్చు, ఆకాశం చూసి లెక్క వేసుకోవద్దు.

ఎండ. మే నెలలో మన దగ్గర ఎండ ఎట్లుంటుందో తెలుసు, అందులో సర్వర్‌ని మెట్ల కింద గూట్లో పెట్టి తలుపేస్తారు. నేను మార్చిన హార్డ్ డిస్కుల్లో చాలావరకు ఎండాకాలంలో పోయినవే.

కరెంటు, ఎలుకలు, స్విచ్ బోర్డులో చీమలు. నవ్వొద్దు, వరద పదేళ్ళకోసారి వస్తుందేమో, ఎలుక ప్రతి సంవత్సరం వస్తుంది.

ర్యాన్సమ్‌వేర్. ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బులడిగేది. 2024 జూలై చివర్లో సీ-ఎడ్జ్ అనే కంపెనీ సిస్టమ్‌ల మీద ర్యాన్సమ్‌వేర్ పడితే, ఆ కంపెనీ సర్వీసు వాడుతున్న దాదాపు 300 చిన్న బ్యాంకులని ఎన్‌పీసీఐ (యూపీఐ లాంటి పేమెంట్లు నడిపే సంస్థ) తాత్కాలికంగా పేమెంట్ల నెట్‌వర్క్ నుంచి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ బ్యాంకుల తప్పు ఏమీ లేదు, వాళ్ళు ఆధారపడ్డ చోట దెబ్బ తగిలింది.

మనుషులు. అకౌంటెంట్ చెప్పకుండా మానేయడం, ఓనర్‌కి హఠాత్తుగా ఒంట్లో బాగలేకపోవడం. ఇది కూడా ఈ లిస్టులోదే, చాలామంది రాయరు.

ఇందులో మీకు వర్తించేవి ఐదో ఆరో రాసుకోండి, చాలు. ఇరవై రాస్తే ఒక్కదానికీ పని జరగదు.

2. ఏ పని ఆగితే ఎంతసేపు ఓర్చుకోగలరు?

కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పని పేరు. రెండో గడిలో అది ఎంత సేపట్లో మళ్ళీ లేవాలి. మూడో గడిలో ఎంత సేపటి ఎంట్రీలు పోయినా మళ్ళీ కొట్టుకోగలరు. పుస్తకాల్లో రెండోదాన్ని ఆర్‌టీఓ అంటారు, మూడోదాన్ని ఆర్‌పీఓ అంటారు (రవాణా ఆఫీసు, పాస్‌పోర్ట్ ఆఫీసు కాదులెండి).

ఒక క్లినిక్ అనుకోండి. ఓపీ చీటీ, బిల్లింగ్: అర గంటలో ఏదో ఒక రకంగా నడవాలి, కాగితం మీదైనా సరే. పేషెంట్ పాత రిపోర్టులు: ఒక పూట. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్): రెండు రోజులు ఆగొచ్చు, జీఎస్‌టీ రిటర్న్ డేట్ దగ్గర లేకపోతే. జీతాలు: నెలాఖరు కాకపోతే వారం.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఏందంటే అన్నిటికీ "వెంటనే" అని రాసేస్తారు. వెంటనే కావాలంటే రెండో సర్వర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, దానికి లక్షలు. ఒక మిల్లు ఓనర్ అన్నీ వెంటనే అన్నాడు, సరే సార్ ఇంత అవుతుంది అని కొటేషన్ ఇస్తే, పది నిమిషాల్లో "ట్యాలీ రేపు సాయంత్రానికి లేచినా పర్వాలేదులేప్పా" అన్నాడు. అట్లా డబ్బు పక్కన పెట్టి అడగండి, నిజమైన జవాబు వస్తుంది.

మూడో గడి బ్యాకప్ ఎన్నిసార్లు తీయాలో చెప్తుంది. రోజుకి నలభై బిల్లులైతే ఒక రోజు పోయినా కూర్చుని కొట్టుకోవచ్చు, రోజుకొక బ్యాకప్ చాలు. రోజుకి ఆరు వందల బిల్లులైతే మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి తీయాలి.

3. ఒక్కరి దగ్గరే ఉన్నవి ఏంటో వెతకండి

ఇది ఖర్చు లేని స్టెప్, కానీ అసలు ప్రమాదాలు ఇక్కడే బయటపడతాయి.

- జీఎస్‌టీ పోర్టల్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? రెండేళ్ళ క్రితం మానేసిన అబ్బాయి నంబర్‌కి వస్తా ఉన్న చోటు నేను చూసినా.
- డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) యాడ ఉంది? సీపీయూ వెనక గుచ్చే ఉంటుంది మామూలుగా. సీపీయూ మునిగితే అదీ మునుగుతుంది, కొత్తది తీసుకోవడానికి మళ్ళీ వెరిఫికేషన్ అంతా చేయాలి.
- సర్వర్ పాస్‌వర్డ్, రౌటర్ పాస్‌వర్డ్, ట్యాలీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?
- డొమైన్, వెబ్‌సైట్ ఎవరి పేరు మీద కొన్నారు?
- బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్ మొత్తానికి తాళం వేసేది) ఆన్ చేసి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ యాడ రాసిపెట్టారు? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచం మీద సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించి ఆగిపోయినప్పుడు, బిట్‌లాకర్ ఉన్న చోట రిపేరు చేయడానికి ముందు ఆ కీ కావాల్సి వచ్చింది. కొన్నిచోట్ల కీలు దాచిన సర్వర్ కూడా అదే నీలి తెరలో ఉండింది.

వీటన్నిటికీ రెండో మనిషిని పెట్టండి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి కవర్లో సీల్ చేసి, ఒకటి ఓనర్ ఇంట్లో బీరువాలో, ఒకటి ఆడిటర్ దగ్గరో లాకర్లోనో. వాట్సాప్‌లో పంపుకోవద్దు. గోడకి అంటించొద్దు, ఇది చెప్పాలా అంటారు, చెప్పాలి.

4. బ్యాకప్ పెట్టండి

3-2-1 అనే లెక్క పాతదే, ఇప్పటికీ సరిపోతుంది. డేటా మూడు కాపీలు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే చోట. అసలు డేటా సర్వర్‌లో, రెండోది ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, మూడోది క్లౌడ్‌లోనో బయట పెట్టిన రెండో డిస్క్‌లోనో.

డిస్కులు రెండు ఎందుకన్నానంటే, ఒకటి ఆఫీసులో, ఒకటి బయట, శనివారం శనివారం మార్చుకోవాలి. బ్యాకప్ అయిపోగానే డిస్క్ పీకేయాలి. ఎప్పుడూ గుచ్చే ఉంటే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు సర్వర్‌తో పాటు దాన్నీ లాక్ చేస్తుంది, దానికి అది ఇంకో డ్రైవ్ అంతే. పిడుగు పడినా, వోల్టేజ్ ఎక్కువొచ్చినా రెండూ కలిసే పోతాయి.

"వేరే చోట" అంటే నిజంగా వేరే చోట. షాపు పాతబస్తీలో, ఇల్లు వెనక వీధిలో అయితే 2009 లాంటి నీళ్ళకి రెండూ ఒకటే. నంద్యాల్లో బావమరిది ఇల్లో, గుత్తిలో రెండో బ్రాంచో చూసుకోండి, లేదా ఊళ్ళోనే ఎత్తున్న చోట పై అంతస్తు. బయట తిరిగే డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేయండి, బస్సులో మర్చిపోతే మీ కస్టమర్ల వివరాలన్నీ ఎవరి చేతిలోనో ఉంటాయి.

గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టినాం, అదే బ్యాకప్ అంటారు చాలామంది. సింక్ అంటే అద్దం, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ ఫైల్ పాడైతే పాడైన ఫైలే అక్కడికి పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది నిజమే, 31వ రోజు గుర్తొస్తే ఏం చేస్తారు? ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి సింక్ ఆగిపోయిందని కూడా ఎవరూ చూడరు. పాత కాపీలు తేదీల వారీగా దాచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడండి, లేదంటే కనీసం రోజుకో ఫోల్డర్ తేదీ పేరుతో కాపీ చేయండి. మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలైతే ఒక మాట, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ ఇండియాలో ఉన్న సర్వర్ మీద రోజూ ఉండాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న అందరికీ వర్తించేది జీఎస్‌టీ రికార్డులు, ఆ సంవత్సరం యాన్యువల్ రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి పాత డిస్క్ నిండిందని ఫార్మాట్ కొట్టొద్దు.

5. రీస్టోర్ చేసి చూడండి

రీస్టోర్ అంటే బ్యాకప్‌లోంచి డేటాని మళ్ళీ తెచ్చి తెరవడం. ఈ రాసిందంతట్లో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి, మిగతాది వదిలేసినా పర్వాలేదు.

అనంతపురంలో ఒక ఆయిల్ మిల్లు. రోజూ రాత్రి ట్యాలీ బ్యాకప్, రిజిస్టర్లో సంతకం కూడా, అంత పద్ధతిగా ఉండేది. సర్వర్ డిస్క్ పోయింది, ఏం పర్లేదు బ్యాకప్ ఉంది గదా అని తీరిగ్గా టీ తాగి మొదలుపెట్టినాం. తెరిస్తే అందులో పోయిన సంవత్సరం డేటా! ఏప్రిల్‌లో కంపెనీ డేటా స్ప్లిట్ చేసినారు, కొత్త సంవత్సరం కొత్త ఫోల్డర్లో పడింది, బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే ఎనిమిది నెలలు నమ్మకంగా కాపీ చేస్తా పోయింది. ఎర్రర్ రాలేదు, ఎందుకంటే అది చెప్పిన పని చేసింది. ఆ ఎనిమిది నెలల బిల్లులు ముగ్గురు కూర్చుని పుస్తకాలు చూసి మళ్ళీ కొట్టినారు, ఆ ముగ్గురిలో ఒకరు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. ఆ బ్యాకప్ పెట్టింది నేనే మరి.

అందుకని ఇట్లా చేయండి:

ముందు ఆ పాత ల్యాప్‌టాప్ తీసుకోండి. అసలు సర్వర్ మీద మాత్రం టెస్ట్ చేయొద్దు. ట్యాలీలో అదే ఫోల్డర్లోకి రీస్టోర్ కొడితే ఇప్పుడున్న డేటా మీద పాతది వచ్చి కూర్చుంటుంది, హెచ్చరిక వస్తుంది గానీ మనోళ్ళు చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు. ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి రీస్టోర్‌కి పోయి, ఎక్కడ నుంచి అన్న దగ్గర బ్యాకప్ డిస్క్, ఎక్కడికి అన్న దగ్గర ఈ ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి. వేరే సాఫ్ట్‌వేర్ అయితే వాళ్ళ సపోర్ట్ వాళ్ళని "వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూపించు" అని అడగండి. "అవసరం లేదు సార్, సేఫ్‌గా ఉంది" అంటే వాళ్ళకి చేతకాదని అర్థం, ఇంకా గట్టిగా అడగండి.

మొదలుపెట్టిన టైము రాసుకోండి. తెరుచుకున్నాక ఈ నాలుగు చూడండి:

- చివరి బిల్లు నంబర్, తేదీ. నిన్నటిది ఉందా?
- ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం అసలు సర్వర్‌లో నిన్నటి తేదీకి ఉన్నదానితో సరిపోతుందా?
- ఏదో ఒక పార్టీ లెడ్జర్, ఏదో ఒక సరుకు స్టాక్. ప్రతిసారీ వేరే వేరేవి చూడండి.
- స్కాన్ చేసిన ఫైళ్ళు, ఎక్సెల్ షీట్లు ఓ పది తెరవండి. పేరు కనపడితే చాలదు, లోపల కనపడాలి.

అయిపోయిన టైము కూడా రాయండి. మొత్తం ఎంతసేపు పట్టిందో అది మీ అసలు లెక్క. రెండో స్టెప్‌లో రెండు గంటలు అని రాసి, ఇక్కడ తొమ్మిది గంటలు పడితే, రాసింది మార్చండి లేదా పద్ధతి మార్చండి. క్లౌడ్ మీదే ఆధారపడే వాళ్ళు ఇది ముఖ్యంగా చూడాలి, 200 జీబీ డేటాని 20 ఎంబీపీఎస్ లైన్‌లో దించుకోవాలంటే లైన్ ఒక్కసారి కూడా తెగకుండా ఉంటేనే 22 గంటలు దాటుతుంది.

మూడు నెలలకోసారి చేయండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినప్పుడు, ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మొదలైనప్పుడు, సర్వర్ మార్చినప్పుడు తప్పకుండా. టెస్ట్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో ఆ కాపీ తీసేయండి, లేకుంటే ఎవరో ఒకరు అదే అసలుది అనుకుని ఎంట్రీలు కొట్టేస్తారు, ఇది కూడా జరిగింది.

6. కరెంటు, నెట్, వేడి, నేల

యూపీఎస్ ఉండేది పని కొనసాగించడానికి కాదు, సర్వర్‌ని పద్ధతిగా ఆపడానికి. మామూలు 600 వీఏది ఒక కంప్యూటర్‌కి పది పదిహేను నిమిషాలు ఇస్తుంది, లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు. బ్యాటరీ మూడు నాలుగేళ్ళలో అయిపోతుంది. చెక్ చేయడం ఎట్లంటే, పని అయిపోయాక సర్వర్ ఆన్‌లో ఉండగా యూపీఎస్ ప్లగ్ స్విచ్ ఆఫ్ చేసి ఎన్ని నిమిషాలు నిలబడిందో చూసి దాని మీదే మార్కర్‌తో తేదీ, నిమిషాలు రాయండి. బీప్ వస్తుందని బీప్ వైరు కట్ చేసే మహానుభావులు కూడా ఉన్నారు.

జనరేటర్ ఉంటే ఆరు బయటే పెట్టండి, వాన వస్తుందని లోపలికి లాగి నడపొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

నెట్‌కి రెండు లైన్లు పెట్టినాం అంటారు, రెండు కేబుళ్ళూ ఒకే స్తంభం మీద వస్తా ఉంటాయి, జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ పోతాయి. ఒకటి ఫైబర్, ఇంకోటి వేరే కంపెనీ సిమ్ మీద నడిచే డాంగిల్, అది మేలు.

సర్వర్ నేల మీద ఉంటే ఈరోజే పైకెత్తండి. కుదిరితే మొదటి అంతస్తుకి, లేకుంటే గోడకి ఐదడుగుల ఎత్తున స్టాండ్ కొట్టించండి. అటక మీద మాత్రం వద్దు, మే నెలలో అటక మీద చెయ్యి పెట్టి చూడండి, ఎందుకో తెలుస్తుంది. ఎలుకలకి కేబుల్ పైపులో వేసి చివర్లు మూసేయడమే మార్గం.

7. కంప్యూటర్ లేకుండా ఒక పూట ఎట్లా నడుపుతారు

బిల్లు పుస్తకం ముందే అచ్చు వేయించండి. వాటికి వేరే సిరీస్ పెట్టండి, నంబర్ ముందు ఒక అక్షరం తగిలిస్తే చాలు. జీఎస్‌టీలో ఒకటికంటే ఎక్కువ సిరీస్‌లు ఉండొచ్చు, ఆర్థిక సంవత్సరంలో వరుస తప్పకూడదు, మొత్తం 16 అక్షరాలు దాటకూడదు. సిస్టమ్ నంబర్లనే చేత్తో కొనసాగిస్తే తర్వాత ఒకే నంబర్ మీద రెండు బిల్లులు వచ్చి ఆడిటర్ దగ్గర తిట్లు తినాలి. టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన బిల్లు) పరిధిలో ఉన్న వాళ్ళు చేత్తో రాసిన బిల్లుతో సరిపెట్టుకోలేరు, మీ ఆడిటర్‌ని ముందే అడిగి ఉంచుకోండి.

50,000 రూపాయలు దాటిన సరుకు లారీ ఎక్కాలంటే ఈ-వే బిల్లు కావాలి గదా, పోర్టల్ పనిచేయకపోతే లారీ గేటు దగ్గరే ఉంటుంది. 2025 జూలై 1 నుంచి ఈ-వే బిల్ 2 అని రెండో పోర్టల్ పెట్టినారు, మొదటిది మొరాయిస్తే దాంట్లో చేసుకోవచ్చు. లాగిన్ అయి ఒకసారి ఇప్పుడే చూసుకోండి, లారీ డ్రైవర్ హారన్ కొడతా ఉంటే నేర్చుకోలేరు.

రేట్ల లిస్టు, పార్టీల ఫోన్ నంబర్లు, స్టాఫ్ నంబర్లు నెలకోసారి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. అన్ని నంబర్లూ ఫోన్‌లోనే ఉండి ఆ ఫోన్ నీళ్ళలో పడితే, మీకు నోటికొచ్చే నంబర్లు ఎన్ని? నాకైతే మూడు, అందులో ఒకటి ఇప్పుడు పనిచేయదు.

8. ఆ రోజు ఎవరేం చేయాలి

1, 2 స్టెప్పుల్లో రాసుకున్నది ప్లాన్‌లో మొదటి పేజీ, రెండో పేజీ ఇదే. మూడు పరిస్థితులకి మూడు ముక్కలు, పెద్ద అక్షరాలతో, పేర్లతో రాయండి. "స్టాఫ్ చేస్తారు" అని రాస్తే ఎవరూ చేయరు.

నీళ్ళు వస్తా ఉంటే: మెయిన్ స్విచ్ ఆపేది ఎవరు, బ్యాకప్ డిస్క్, టోకెన్, క్యాష్, ఒరిజినల్ డాక్యుమెంట్ల సంచి తీసుకునేది ఎవరు. ఆ సంచి ముందే సర్ది ఉండాలి. నీళ్ళు వచ్చేశాక సర్వర్ కోసం లోపలికి పోవద్దు, కరెంటు ఆపారో లేదో మీకు తెలియదు. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, ఎమర్జెన్సీకి 112. తడిసిన సర్వర్‌ని, డిస్క్‌ని ఆన్ చేసి చూడొద్దు, ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు. తడి ఆరనివ్వకుండా ప్లాస్టిక్ కవర్లో సీల్ చేసి డేటా రికవరీ వాళ్ళకి పంపండి, ఆరితే లోపల బురద డిస్క్‌లో తిరిగే పళ్ళేలకి అతుక్కుంటుంది. తడిసిన పుస్తకాలు రెండు రోజుల్లో బూజు పట్టడం మొదలవుతుంది, పేజీల మధ్య కాగితాలు పెట్టి ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి.

ఫైళ్ళు లాక్ అయితే: ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, అన్ని మెషీన్లవీ. స్క్రీన్ ఫోటో తీయండి. కంగారుపడి బ్యాకప్ డిస్క్ తెచ్చి ఆ మెషీన్‌కి గుచ్చొద్దు, ఎక్కువమంది చేసేది ఇదే, ఉన్న ఒక్క మంచి కాపీ కూడా పోతుంది. ఫార్మాట్ కూడా వెంటనే కొట్టొద్దు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, అకౌంట్లోంచి డబ్బులు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి. సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం కంపెనీలు ఇలాంటివి గుర్తించిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి. నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్‌లో కొన్ని రకాలకి ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి, మీ రకానిది ఉంటే అదృష్టం. డబ్బు కడితే ఇస్తారా అంటే, ఇస్తారని గ్యారంటీ ఏమీ లేదు. ఎట్లా దూరిందో కనుక్కోకుండా మళ్ళీ నిలబెడితే వారంలో మళ్ళీ వస్తుంది. మన దగ్గర ఎక్కువగా చూసేది, ఇంటి నుంచి పని చేయడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ని (దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్ నడిపే సదుపాయం) నేరుగా నెట్‌కి తెరిచి, పాస్‌వర్డ్ కంపెనీ పేరు పక్కన 123 పెట్టడం.

మంట, షార్ట్ సర్క్యూట్: మనుషులు బయటికి, మెయిన్ ఆఫ్, 101. కరెంటు మంట మీద నీళ్ళు పోయొద్దు.

9. ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదవండి

2021 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని పాలసీ ఉంది, ఒక చోట మొత్తం విలువ 5 కోట్ల లోపు వాళ్ళకి, వరద కూడా అందులో వస్తుంది. లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు చేయించిన పాలసీలో బిల్డింగ్, స్టాక్ ఉండి కంప్యూటర్లు ఉండకపోవచ్చు, చూసుకోండి. డేటా మళ్ళీ కొట్టించే ఖర్చు ఇస్తారా అని ఏజెంట్‌ని రాతపూర్వకంగా అడగండి. ఆఫీసులో ఉన్న ప్రతి మెషీన్ సీరియల్ నంబర్ కనపడేట్టు ఫోన్లో వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టండి, ఐదు నిమిషాల పని, క్లెయిమ్ అప్పుడు విలువ తెలుస్తుంది.

10. డ్రిల్

అమావాస్య రోజు కొత్త బేరాలు పెట్టుకోరు గదా చాలామంది, ఆ రోజే పెట్టుకోండి. పొద్దున పదకొండుకి ఓనర్ వచ్చి "సర్వర్ పోయింది" అని చెప్పి సర్వర్ గదికి తాళం వేసేయాలి. ముందే చెప్పొద్దు, ట్యాలీ సపోర్ట్ అబ్బాయికి మాత్రం చెప్పండి, పాపం. ఒక గంట చూడండి: బిల్లు పుస్తకం ఎవరు తెచ్చారు, కార్బన్ దొరికిందా, డిస్క్ బయట ఎవరి దగ్గరుందో ఎవరికైనా తెలుసా, పాస్‌వర్డ్ కవర్ తెరిస్తే లోపల ఉన్నది ఇప్పటి పాస్‌వర్డేనా.

మొదటి డ్రిల్ ఎప్పుడూ ఫెయిలవుతుంది, తిట్టొద్దు, దొరకని ప్రతి వస్తువూ రాసుకోండి. కడపలో ఒక స్కూల్లో చేస్తే ప్లాన్ బాగానే ఉంది గానీ ఆ ప్లాన్ ప్రింట్ తీయలేదు, సర్వర్‌లోనే ఉంది.

మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు ప్రశ్నలు

*అన్నీ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీదే ఉన్నాయి, నాకెందుకిదంతా?* 1, 2వ స్టెప్పులతో పాటు 3, 7, 10 మీకూ కావాలి. పైగా నెలకోసారి డేటా మొత్తం ఎక్సెల్‌లోకో పీడీఎఫ్‌లోకో దించుకుని పెట్టుకోండి. ఆ దించుకునే ఆప్షన్ లేదని చెప్పే కంపెనీ అయితే రెన్యువల్ ముందే వేరేది చూసుకోండి.

*మేం ఇద్దరమే, చిన్న షాపు, ఎంతవరకు చేయాలి?* రెండు డిస్కులు, శనివారం మార్పిడి, మూడు నెలలకోసారి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడటం, ఒక బిల్లు పుస్తకం, ఫోన్ నంబర్ల కాగితం. మీ ఇద్దరిలో ఒకరు తిరుపతికి పోయిన రోజు ఇంకొకరు ఒంటరిగా రీస్టోర్ చేసి చూడండి, ఫోన్ చేసి అడక్కుండా. మధ్యలో యాడ ఆగిపోయారో అది కాగితం మీద రాసి డిస్క్ డబ్బాలోనే పెట్టండి.